అడగరాని మాట

“అడిగినవా, లేదా? ఒక్కటే మాట చెప్పు మెర్సీ.”

పరశురాములు వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి అక్కడే నిలబడ్డాడు. కోస్గి సర్కారు బడిలో సైన్సు చెప్పి చెప్పి, ఇంట్లో ఎవరినైనా నిలదీయాల్సి వచ్చినా ఆయనకు అదే తీరు అలవాటైపోయింది.

మెర్సీ చేతిలో జొన్నపిండి ముద్ద అలాగే ఉండిపోయింది. పొయ్యి ముందు కూర్చున్న అత్త సోమమ్మ పెనం మీది రొట్టెను తిప్పడం మరిచి, కొడుకు ముఖం ఒకసారి, కోడలి ముఖం ఒకసారి చూసింది.

“అడిగిన,” అంది మెర్సీ.

“ఎప్పుడు?”

“పొద్దుగాల. జడ ఏసేటప్పుడు.”

“ఏమని?”

“రేపు సభల ఏం చెప్తవు బిడ్డా, అని.”

“మరి అదేమ...” అంటూ ఆగిపోయాడు పరశురాములు. కూతురు ఏం జవాబిచ్చిందో తెలుసుకోవాలని ఆయనకూ ప్రాణం కొట్టుకుంటోంది. కానీ అడిగితే తానూ నియమం తప్పినవాడవుతాడు. ఆ నియమం పెట్టిందే ఆయన మరి! ప్రశ్నను మింగేసి ముఖం గంటు పెట్టుకున్నాడు.

మెర్సీకి ఒళ్లు మండింది. వెంటనే భయం కూడా వేసింది. ఏం చేయాలో తోచక, కుదిరిన పిండినే మళ్లీ పిసకడం మొదలుపెట్టింది.

రేపే సమానపు పండుగ. మార్చి నెలలో పగలూ రాత్రీ సరిసమానంగా వచ్చే రోజు చూసి, దేవుడి పేరూ కులం పేరూ లేని పండుగ ఒకటి మనకూ ఉండాలని పరశురాములూ స్నేహితులూ పట్టుబట్టి పెట్టుకున్న పండుగ అది. కోస్గి, నారాయణపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచి గుడినీ చర్చినీ వదులుకున్నవాళ్లు పిల్లాపాపలతో వస్తారు. ప్రతి ఇంటి నుంచీ జొన్నరొట్టెలు తెచ్చి, ఒకే బట్ట మీద కలిపేస్తారు. ఎవరి చేతి రొట్టె ఎవరి నోట్లోకి పోతుందో తెలియకుండా తినడమే ఆ పండుగలో మొదటి వేడుక.

తిన్నాక అసలు ఘట్టం. ఆ ఏడు పద్దెనిమిది నిండిన పిల్లలు లేచి సొంత మాట చెబుతారు. నేను దీన్ని నమ్ముతాను, దీన్ని నమ్మను, ఇలా బతుకుతాను అని. దేవుడున్నాడని చెప్పినా సరే, ఎవరూ అడ్డు తగలకూడదు, మొహం ముడుచుకోకూడదు.

వినడానికి ఎంత బాగుంది! కానీ ఒకప్పుడు ఒక తండ్రి తన కొడుక్కి మాటలన్నీ బట్టీ పట్టించి తెచ్చాడు. ఆ పిల్లవాడు సగంలో మరిచిపోయి, తర్వాత ఏమిటన్నట్టు తండ్రి వైపు చూశాడు. సభంతా నవ్వింది, పరశురాములు మాత్రం నవ్వలేదు. ఆ రోజే నియమం పెట్టాడు. ఇంట్లో ఎవరూ పిల్లల్ని ముందుగా అడగకూడదు. అడిగితే, ఆ ఏడు ఆ పిల్ల మాట్లాడకూడదు.

“నిరుడు రూప సంగతి యాదికున్నదా?” అన్నాడు పరశురాములు.

మెర్సీ తల ఎత్తలేదు. ఎలా మరిచిపోతుంది? రూప, పరశురాములు స్నేహితుడు అమరేందర్ కూతురు. కొత్త చీర కట్టుకుని వచ్చింది. తండ్రి ఊరుకోక, నేను ముందే అడిగిన అని సభలో ఒప్పుకున్నాడు. పరశురాములు మైకు పట్టుకుని, ఈ ఏడు రూప మాట్లాడదు అని చెప్పాడు. ఆ పిల్ల కొంగుతో ముఖం కప్పుకుని చివరిదాకా అట్లాగే కూర్చుంది.

“గా పిల్లకు ఒక న్యాయం, నా బిడ్డకు ఒక న్యాయమా?” అన్నాడు. “రేపు నేను మైకు పట్టుకొని చెప్పాలె. మా ఇంట్ల అడిగిండ్రు, అక్షిత మాట్లాడదు అని.”

“నువ్వు చెప్పకుంటే ఎవలికి తెలుస్తది?”

“నాకు తెలుస్తది.”

“నీకు తెలిస్తే నువ్వు నోరు మూసుకో. పిల్ల నోరెందుకు మూస్తవు?”

ఆ మాట అంత గట్టిగా వస్తుందని మెర్సీ కూడా అనుకోలేదు. పక్క గదిలో కూతురుంది. పొద్దున తలుపు వేసుకున్నది ఇంకా తీయలేదు.

సోమమ్మ మాడిన రొట్టెను తీసి పక్కన పెట్టింది.

“ఏందిరా కొడుకా, మీ పండుగకు గూడ మైల ఉంటదా?” అంది. “మా కులదేవుడు బీరప్ప పండుగకు ముట్టుకుంటే మైల. మీ దాంట్ల అడిగితే మైలనా? మరి ఫరకేమున్నది?”

“నువ్వు ఊకో అవ్వా.”

“ఊకుంట తీయ్. రొట్టెలు నావి కావాలె, మాట మాత్రం వద్దు.”

మరో రోజైతే మెర్సీ నవ్వేది. సోమమ్మ ఒక్కనాడూ ఆ పండుగకు పోలేదు. కానీ రొట్టెలు మాత్రం ప్రతి ఏడూ ఆమె చేతివే.

“నిజం చెప్పు,” అంది మెర్సీ భర్తతో. “నీకు తెలుసుకోవాలని లేదా?”

“లేదు.”

“ఒక్కనాడన్న అనిపియ్యలేదా?”

“అది దాని మాట. దానికి పద్దెనిమిదేండ్లు నిండినయి. నాకేం హక్కున్నది?”

ఎంత నిబ్బరంగా అన్నాడు! మెర్సీకి తన మీద తనకే సిగ్గేసింది. ఈయన ఇంత గట్టిగా ఉంటే, తానెందుకు ఇలా గిలగిల్లాడిపోతోంది?

ఎందుకో ఆమెకు బాగా తెలుసు. దసరా సెలవుల్లో తాతకు పాణం బాగలేదని విని, అక్షిత స్కూటీ వేసుకుని చూడబోయింది. ఆ తాత, మెర్సీ తండ్రి ఇస్రాయేలు. ఊరి చర్చికి సంఘపెద్ద. తర్వాత ఆదివారం మళ్లీ పోయింది. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా ఇంట్లో నిలవలేదు. తాత దగ్గరికి పోయొస్త అని దాచకుండా చెప్పే పోతుంది. అక్కడ ఏం చేస్తుందో మాత్రం చెప్పదు. ఈ ఇంట్లో అడిగేవారు లేరు కదా!

ఇస్రాయేలు మెర్సీతో మాట్లాడక ఇరవై ఏళ్లయింది. నాకు విశ్వాసం లేదు నాయినా, పాస్టరు లేకుండానే కురుమల పిల్లవాణ్ణి చేసుకుంట అని ఆమె చెప్పిన రోజున ఆయన కొట్టలేదు, తిట్టలేదు. గీ మాట మీదనే ఉంటే మల్ల నా గడప తొక్కకు అన్నాడు, అంతే. ఆమె తొక్కలేదు. తల్లి పోయినప్పుడు కూడా సమాధుల దొడ్డి బయటే నిలబడి వచ్చింది.

ఇప్పుడు కూతురు రేపు సభలో నిలబడి, నేను బాప్తిస్మం తీసుకుంట అంటే? పరశురాములు పొమ్మనడు. అలాంటి మనిషి కాడు. కానీ మాట్లాడడం మానేస్తాడు. ఆ మౌనాన్ని భరించలేక పిల్లే పోతుంది. ఇంటి నుంచి పోవడం ఎలా ఉంటుందో మెర్సీకి ఒకరు చెప్పనక్కర్లేదు.

పొద్దున అడిగినప్పుడు అక్షిత అద్దంలోంచే తల్లిని చూసింది. “నువ్వు గూడ అడిగితివా అమ్మా,” అంది. కోపంగా కూడా అనలేదు. సగం వేసిన జడతో లేచి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

బయట గేటు గొళ్లెం చప్పుడైంది.

“ఎవలో వచ్చిండ్రు, చూడు,” అంది సోమమ్మ.

పరశురాములు వెనక్కి తిరిగి చూసి కదలకుండా నిలబడిపోయాడు. ఆయన భుజం పక్క నుంచి మెర్సీ తొంగి చూసింది.

తెల్ల అంగీ, మెడలో తువ్వాల. మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. వాకిట్లో చెప్పులు విడిచి, మెట్టు దగ్గరే ఆగి నిలబడి ఉన్నాడు ఇస్రాయేలు.

నాయినా అని పిలవాలనుకుంది మెర్సీ.

చివరికి సోమమ్మే మోకాళ్లు పట్టుకుని లేచి ఎదురు వెళ్లింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే నడిచారు. “రా అన్నా, రా. గా ఎండల నిలబడ్డవేంది? లోపటికి రా.”

“ఇక్కడ్నే కూసుంట చెల్లె,” అంటూ ఇస్రాయేలు అరుగు మీద కూర్చున్నాడు. సోమమ్మ ఇచ్చిన చెంబు అందుకుని నీళ్లన్నీ గటగటా తాగాడు. తర్వాత గానీ కూతురి వంక చూడలేదు.

“మంచిగున్నవా బిడ్డా?”

“ఉన్న,” అంది మెర్సీ. ఇరవై ఏళ్ల తర్వాత తండ్రితో ఆమె అన్న మొదటి మాట అది.

“పొద్దుగాల పిల్ల ఫోను చేసింది. ఏం చెప్పలే. ఉత్తగ ఏడ్చింది,” అన్నాడు ఇస్రాయేలు. “నాకు ఉండబుద్ధి కాలే. బస్సెక్కి వచ్చిన. మీరేమనుకుంటున్నరో ఏమో. ముసలోడు పిల్లను గుంజుకుంటుండు అనుకుంటున్నరేమో. నేను గుంజుతలేను. దేవుని తోడు... ” అని ఆగి, ఆ ఇంట్లో ఆ ఒట్టు చెల్లదని గుర్తొచ్చినట్టుంది, “నా పాణం తోడు,” అని సవరించుకున్నాడు.

“మేమేం అనుకుంటలేము,” అన్నాడు పరశురాములు. పొడిగా అన్నాడు.

ఇస్రాయేలు ఆయనను అల్లుడని ఎన్నడూ పిలవలేదు. ఇప్పుడూ పిలవలేదు.

“అనుకోకుంటే మరి గా పరేషాన్ ఎందుకు సారూ?” అన్నాడు. “ప్రతి ఆదివారం రోడ్డు అవతల బండి పెట్టుకొని ఎండల నిలబడుతుంటివి. లోపటికొచ్చి కూసుంటే అయిపోతుండె గద. మా చర్చిల కుర్సీలున్నయి. ఎవలు ఏమంటరు? సంఘపోళ్లు నన్నడుగుతుండ్రు, గా సారు ఎవరు, భూమి కొనేతందుకు వచ్చిండా అని.”

సోమమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మెర్సీ భర్త వైపు తిరిగింది.

“ఏ ఆదివారం?” అంది మెర్సీ.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఆదివారం ఆదివారం బడి పిల్లలకు ఉత్తగ సదువు చెప్తున్న అంటివి. స్పెషల్ క్లాసులంటివి.”

“మెర్సీ...”

“నాకేం హక్కున్నది అంటివి గద ఇప్పుడే! ఇంకా నోటి తడి గూడ ఆరలే!”

పరశురాములు గోడకు ఆనుకున్నాడు. ఎప్పుడూ నిటారుగా నిలబడే మనిషి, వాలిపోయి కనబడ్డాడు.

“నేను అడుగలే,” అన్నాడు మెల్లగా. “ఒక్క మాట గూడ అడుగలే. చూసిన, అంతే.”

“ఏం చూసినవు?”

“కిటికీల కెల్లి చూసిన. ఎనక కుర్సీల తాత పక్కన కూసుంటది. పాట పాడదు. అందరు లేస్తే లేస్తది, కూసుంటే కూసుంటది. ప్రార్థన చేసేటప్పుడు కండ్లు మూస్తదా లేదా అని... గదొక్కటి నాకు సమజు కాలే. గంత దూరం నుంచి కనబడది. గది తెలిస్తే చాలనుకొని మల్ల ఆదివారం పోయిన. మల్ల పోయిన. నాకు నిద్ర పడుతలేదు మెర్సీ. భయమైతాంది. చిన్నప్పటి సంది దేనికీ భయపడొద్దని దానికి చెప్పిన. ఇప్పుడు దాన్ని చూస్తేనే నాకు భయమైతాంది.”

మెర్సీకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే జాలి తన్నుకొచ్చింది. ఒకే పడక మీద పడుకుంటూ ఇద్దరూ ఇన్నాళ్లూ ఒకే భయాన్ని ఒకరికొకరు తెలియకుండా దాచుకున్నారు. దానికి నియమం అని పేరు పెట్టుకున్నారు.

పొద్దున అక్షిత నువ్వు గూడ అని ఎందుకన్నదో ఇప్పుడు అర్థమైంది. రోడ్డు అవతల నిలబడ్డ తండ్రిని పిల్ల చూడకుండా ఉంటుందా?

“నీకేమన్న చెప్పిందా నాయినా?” అని తండ్రినడిగింది మెర్సీ. “రేపేం చెప్తదో, నీకు తెలుసా?”

“తెల్వదు బిడ్డా. నేను అడుగలే,” అన్నాడు ఇస్రాయేలు. “మీ పండుగల అడుగొద్దట గద. పిల్ల చెప్పింది. సరే తీయ్, వాళ్ల పద్ధతి వాళ్లది అని ఊకున్న.”

నియమం పెట్టినవాడు తప్పాడు. దానికి ఒప్పుకున్న భార్యా తప్పింది. తప్పనివాడల్లా ఆ చర్చి పెద్ద ఒక్కడే.

పరశురాములు కళ్లజోడు తీసి అంగీ చివరతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాక మళ్లీ పాత మనిషి అయ్యాడు.

“సరే. రేపు ఉన్నదున్నట్టు చెప్త,” అన్నాడు. “మెర్సీ అడిగింది, నేను దొంగతనంగ చూసిన. ఇద్దరం తప్పినం. నేను కన్వీనర్‌గ ఉండ అని చెప్త. అక్షిత వచ్చే ఏడు మాట్లాడుతది.”

“వచ్చే ఏడా!” అంది మెర్సీ. “ఎండకాలం పోతే హైదరాబాద్‌ల హాస్టలు. వచ్చే ఏడు అది ఏడుంటదో, మనతోటి మాట్లాడుతదో లేదో!”

“నియమం అంటే నియమమే.”

గది తలుపు తెరుచుకుంది.

అక్షిత బయటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. జడ సగం అల్లి, సగం విరబోసి అలాగే ఉంది. తాతను చూసి ఆశ్చర్యపోలేదు. అంతా విన్నట్టే ఉంది.

“తప్పు మీరిద్దరు చేసిండ్రు బాపు,” అంది. “నోరు మూసుకునేది నేనా?”

పరశురాములు కూతురి వైపు ఒక అడుగు వేశాడు. “నీ మీద ఎవరి బరువూ ఉండొద్దనే గద బిడ్డా గా నియమం.”

“బరువు లేదా? రోడ్డు మీద నువ్వు నిలబడ్డది నాకు కనబడలేదనుకున్నవా? కిటికీ దిక్కు చూడొద్దని మెడ పట్టేసేదాక గట్లనే కూసునేదాన్ని. అడిగితే మంచిగుండేది. అడిగితే చెప్తుంటి.”

“అమ్మ అడిగింది గద,” అన్నాడు ఆయన, దిక్కు తోచక.

“అమ్మ నన్ను అడుగలే. తన భయాన్ని అడిగింది.”

మెర్సీకి చెంప మీద కొట్టినట్టయింది.

“రూప ఏడ్చింది నిరుడు,” అన్నాడు పరశురాములు. “ఇయ్యాల నా బిడ్డను నిలబెడితే గా పిల్ల ముఖం ఎట్ల చూడాలె నేను?”

“రూపను గూడ నిలబెట్టు. నిరుడు తప్పు చేసిన, మాట్లాడు బిడ్డా అని చెప్పు. గది చెప్పనీకె నీకు ఏ నియమం అడ్డమొస్తది?”

ఎన్నో ఊళ్లలో ఎంతోమందితో వాదించి గెలిచిన మనిషి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“రేపటి దాక ఎందుకు?” అంది అక్షిత. “అందరున్నరు. అవ్వ ఉన్నది, తాత వచ్చిండు. ఇప్పుడే చెప్త.”

“వద్దు!” అన్నాడు పరశురాములు. ఆ గొంతు విని ఆయనే ఉలిక్కిపడ్డాడు. “వద్దు బిడ్డా. గిట్ల కాదు. సభల... పద్ధతి ప్రకారం...” అంటూనే గేటు వైపు నడిచాడు. బండి తాళం కోసం జేబులు తడుముకున్నాడు.

మెర్సీ రెండంగల్లో పోయి ఆయన మణికట్టు పట్టుకుంది. పిండి అంటిన చేయి. పెళ్లయ్యాక ఆయన్ని అలా గుంజి ఆపడం అదే మొదలు.

“ఏడికి పోతవు? కూసో.”

“మెర్సీ, ఇడువు.”

“కూసో అంటున్న. నువ్వు పోతే, రేపు అది పోతది.”

పరశురాములు అరుగు చివర కూర్చున్నాడు. ఇస్రాయేలు తువ్వాల సర్దుకుని లేవబోయాడు. “నేను బయటి మనిషిని. మీ ఇంటి ముచ్చట...”

“నువ్వు గూడ ఉండు తాతా,” అంది అక్షిత. ఆయన మళ్లీ కూలబడ్డాడు. సోమమ్మ పొయ్యి సంగతే మరిచి ద్వారం దగ్గర చతికిలబడింది.

మెర్సీ కూతురికి ఎదురుగా కూర్చుంది. “చెప్పు బిడ్డా,” అంది.

అక్షిత నలుగురినీ ఒక్కొక్కరినే చూసింది.

“చెప్త. గని ముందుగాల మీరు చెప్పుండ్రి,” అంది. “నేను ఏ మాటంటే గీ ఇంట్ల నాకు జాగా ఉండదు? గా ఒక్క మాట ఏందో చెప్పుండ్రి. తర్వాత నేను చెప్త.”



ఇస్రాయేలు తల వంచుకున్నాడు. ఒకప్పుడు ఇదే ప్రశ్నకు ఎవరూ అడగకుండానే జవాబు చెప్పి, కన్నకూతురిని పోగొట్టుకున్న మనిషి ఆయన.

అట్లాంటి మాట ఏదీ లేదు బిడ్డా. అనాల్సింది అంతే. ఆ నాలుగు ముక్కలూ పరశురాములు అంటాడని మెర్సీ ఎదురుచూసింది. ఆయనేమో ఆమె అంటుందని ఆమె వైపే చూస్తున్నాడు.

తానే అనేద్దామని మెర్సీ నోరు తెరిచింది. అప్పుడు మనసులో కూతురు కనబడింది. తల్లిగారి ఊళ్లో, ఆ చర్చి వాకిట్లో, తనను తొక్కవద్దన్న ఆ గడప మీద నిలబడి, ఇకనుంచి నేను ఇక్కడే ఉంట అమ్మా అంటున్న కూతురు. లోపల ఏదో భగ్గుమంది. నన్ను వెళ్లగొట్టిన చోటికే పోతవా అన్న కోపం. ఇన్నేళ్లూ నాయినలో మాత్రమే ఉందనుకున్న ఆ గడప తొక్కకు అన్న మాట తనలోనూ ఉందని, అచ్చం అట్లాగే ఉందని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

“అమ్మా,” అంది అక్షిత. “నిన్నే అడుగుతున్న.”